పెరట్లో ఆరిన వంకాయరంగు నూలు

ఫలానా నాయకుడు పార్టీ మారాడని పేపర్లో చదివినప్పుడు అందరూ ఆయనకు ఎంత ముట్టిందో అని లెక్కలు వేస్తారు. నేను మాత్రం ఆ సభలో పరిచిన జంపఖానాల నూలుకు రంగు ఎవరు అద్దారో, ఎన్ని రోజుల ముందు అద్దారో అని ఆలోచిస్తాను. ఇది పుట్టుకతో వచ్చిన అనుమానం కాదు. వరంగల్ కొత్తవాడలో, మా ఇంట్లోనే, నాకు పంతొమ్మిదేళ్లప్పుడు అంటుకున్న జబ్బు. ఇన్నేళ్లయినా తగ్గలేదు.

డెబ్బైలు అయిపోయి ఎనభైలు మొదలైన రోజులవి. మా వాడలో ఏ ఇంట్లో చూసినా జంపఖానా మగ్గమే. నేసేవాళ్లకు నూలుకు రంగు అద్ది ఇచ్చే పని మా బాపుది. ఇంటి ముందు రాగి గంగాళం, దాని కింద పొయ్యి, పక్కన రంగు డబ్బాలు. అద్దిన చిలపలను, అంటే నూలు కట్టలను, నేనూ అమ్మా పిండి, వీధి పొడుగునా కట్టిన వెదురు బొంగుల మీద ఆరేసేవాళ్లం. అందుకని ఎవరింటికి ఏ రంగు పోతుందో వాడకంతా తెలిసేది. పెళ్లివాళ్ల ఆర్డరా, బడివాళ్ల ఆర్డరా అన్నది బొంగులు చూసి చెప్పేవాళ్లు. ఎన్నికలొస్తే మరీను. పార్టీలవాళ్లు సభల కోసం తమ రంగుల్లో జంపఖానాలు నేయించుకునేవాళ్లు. ఎవరికి ఊపు ఉందో పేపరు కంటే ముందు మా వీధికి తెలిసేది.

ఆ రంగులేమిటో నేను చెప్పను. రంగులు చెబితే పార్టీలు తెలుస్తాయి, పార్టీలు తెలిస్తే మనుషులు తెలుస్తారు. వాళ్ల మనవలు ఇప్పుడు పెద్దపెద్ద కుర్చీల్లో ఉన్నారు, నాకెందుకొచ్చిన గొడవ. ఒకదాన్ని నీలం అనుకోండి, ఇంకోదాన్ని వంకాయరంగు అనుకోండి.

మా నేత సంఘం ప్రెసిడెంటు నీలం పార్టీ మనిషి. తెల్ల లాల్చీ, మెడలో కండువా. ఎవరు ఎదురైనా "ఏం కాకా, మంచిగున్నవా" అని భుజం మీద చెయ్యేసేవాడు. ఆ చెయ్యి పడి లేచాక మా అమ్మ బాపుతో "జేబు జూసుకో" అనేది. బాపు నవ్వేవాడు. ఆయనకు ఎవరి మీదా అనుమానం ఉండేది కాదు. మా ఇంటి అనుమానమంతా అమ్మ వాటాకే వచ్చింది.

సొంత ఇల్లు లేని నేతపనివాళ్లకు హసన్‌పర్తి పోయే తొవ్వలో సర్కారు ప్లాట్లు ఇస్తుందని తెలిసినప్పుడు, ప్రెసిడెంటు సంఘం మీటింగు పెట్టి, అందరి ముందు పేర్లు రాయించి, కింద సంతకం చేశాడు. అందులో బాపు పేరుంది. ఎదురింటి అవ్వ పేరుంది. అవ్వకు నా అన్నవాళ్లెవరూ లేరు, కిరాయి అర్రలో కండెలు చుట్టుకుంటూ బతికేది. మాదీ కిరాయి ఇల్లే. రంగునీళ్లు మోరీలో పారి గోడలు పాడవుతున్నాయని, దసరా లోపల ఖాళీ చేయమని ఇంటి ఓనరు అప్పటికే రెండుసార్లు వచ్చి చెప్పిపోయాడు. ఇల్లంటే ఎక్కడైనా దొరుకుతుంది. పొయ్యి, పొగ, రంగునీళ్లు అంటే ఎవరిస్తారు? ఆ ప్లాటు రాకపోతే గంగాళం ఎత్తుకుని ఎక్కడికి పోవాలో మాకు తెలియదు.

ఆఫీసు నుంచి ఖాయమైన లిస్టు వచ్చింది. బాపు పేరు లేదు. అవ్వ పేరు లేదు. మాలాంటివాళ్లవి ఇంకా చాలా పేర్లు లేవు. వాటి చోట ప్రెసిడెంటు తోడల్లుడు, మేనల్లుడు, మగ్గం మొఖం ఎరగని వడ్ల వ్యాపారి చేరారు. కంచే చేను మేసింది. అయితే ప్రెసిడెంటు ఒక సంగతి మరిచిపోయాడు. మా బాపు సంఘంలో డైరెక్టరు. మీటింగులో రాసిన అసలు లిస్టు, ప్రెసిడెంటు సంతకంతో సహా, ఆయన దగ్గరే ఉండిపోయింది.

అర్జీ నేనే రాశాను. అప్పుడు నేను హనుమకొండలో డిగ్రీ చదువుతున్నాను, వాడలో అంత నీటుగా రాసేవాళ్లు లేరని నాకు కొంచెం పొగరు కూడా. బాపు ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించాడు. అవ్వ వేలిముద్ర వేస్తూ, "నాకెవరు లేరు కొడుకా, నీ మీద నమ్మకంతోని పెడుతాన్న" అంది. "నేనున్న గద అవ్వా" అన్నాడు బాపు.

ఆ అర్జీని భుజాన వేసుకున్నది వంకాయరంగు పార్టీ వకీలు. హనుమకొండలో ఉండేవాడు. మా వాడకొచ్చి, మైకు పెట్టి, "పేదోని జాగ మింగిన దొంగను జైలుకు పంపేదాక నిద్రపోను" అన్నాడు. అచ్చమైన తెలుగు, ఉరిమే గొంతు. నాకు ఒళ్లు పులకరించింది, దాచేదేముంది. విచారణకు ఆఫీసరు వస్తాడనీ, అసలు కాగితం తన దగ్గరుంటే భద్రమనీ ఆయన అంటే, ఇచ్చెయ్యమని బాపుతో చెప్పిందీ నేనే. జిరాక్సు అన్న మాట మా వాడకు ఇంకా రాలేదు. ఉన్నది ఆ ఒక్క కాగితమే.

ఒక రోజు పొద్దున ప్రెసిడెంటు బామ్మర్ది రిక్షా నిండా నూలు వేసుకుని మా ఇంటికొచ్చాడు. ప్రెసిడెంటు తరఫున ఆర్డర్లన్నీ తెచ్చేది ఎప్పుడూ ఆయనే. అర్జీ పెట్టాక మా గడప తొక్కడం అదే మొదలు.

"వంకాయరంగు కావాలె కాకా. ముదురుగ రావాలె. మూడు దినాలల్ల పక్కూరి మగ్గాల మీదికి పోవాలె" అన్నాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "జర వీధిల ఆరెయ్యకుండ్రి. పెరట్ల ఆరేసుకోండ్రి, దుమ్ము వడ్తది" అన్నాడు.

బాపు సరేనన్నాడు. అమ్మ రిక్షా మలుపు తిరిగేదాకా చూసి, నోరు తెరిచింది.

"గీ బామ్మర్ది నీలం దప్ప వేరే రంగు ఎన్నడన్న తెచ్చిండా?"

"ఎవలో తెప్పిచ్చుకుంటాండ్రు. మనకెందుకు?"

"మనకు గాక ఎవలకు? ఇన్నేండ్ల సంది లేని దుమ్ము ఇయ్యాల లేసిందా? ప్రెసిడెంటు వకీలు పార్టీల దుంకుతాండు. నువ్వు ఇయ్యాలనే పొయ్యి ఆ కాగితం తెచ్చుకో."

నేను మధ్యలో దూరాను. "వకీలు సార్ అసొంటోడు గాదమ్మా. మొన్ననే గద మైకుల అంతగనం తిట్టిండు."

"మైకుల తిట్టినోడే ఇంట్ల చాయ్ పోస్తడు, సూస్తుండు" అంది అమ్మ.

బాపుకు మధ్యాహ్నానికి మనసులో పురుగు తొలచడం మొదలైంది. నాకు ఆయన మొఖంలో కనిపించింది. కానీ అప్పటికే మొదటి వాయి గంగాళంలో పడింది. ముదురు రంగు అద్దకం గురించి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. చిలపలను కర్రలకు వేసి, మరిగే రంగులో ముంచి, ఆగకుండా తిప్పుతూ ఉండాలి. కాసేపు వదిలితే ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా పడుతుంది. మూడు వాయిలూ ఒకే తీరుగా రాకపోతే జంపఖానాలో చారలు తేలతాయి. ఏ చార ఎవరి చేతిదో వాడంతా చెబుతుంది.

"నేను తిప్పుత, నువ్వు పో" అంది అమ్మ.

"ముదురు రంగు నీకు అందది. చార వడ్తె నా పేరు పోతది."

"జాగ పోతాంటె చార గురించి మాట్లాడుతున్నవా?"

"చేతిల వడ్డ పని చెడగొట్ట. వాయిలు దిగినంక పోత."

నేను పోయి అడుగుతానన్నాను. నువ్వు పోయి అడిగితే నమ్మకం లేదనుకుంటాడని బాపు ఆపాడు. నిజం చెప్పాలంటే ఆపినందుకు నాకు హాయిగా అనిపించింది. వకీలు సార్ ముందు నిలబడి, మీ మీద అనుమానంగా ఉంది, మా కాగితం మాకివ్వండి అనడానికి నాకు నోరు రాదు. అట్లా రెండు రోజులు పోయాయి. తన జాగ మింగినవాడి సభకు మా బాపు వంకాయరంగును మచ్చ లేకుండా అద్దాడు. పెరట్లో దండేల మీద ఆ నూలు మెరుస్తుంటే, అంత బాగా ఎందుకొచ్చిందా అని ఏడుపొచ్చింది నాకు.

మూడో రోజు బాపూ నేనూ బస్సెక్కి హనుమకొండ పోయాం. వకీలు మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టాడు. అంతకుముందు ఎప్పుడు పోయినా నిలబెట్టే మాట్లాడేవాడు. చాయ్ తెప్పించాడు. కప్పు నా చేతికి రాగానే అమ్మ మాట గుర్తొచ్చి, తాగలేకపోయాను.

"ఆ కాగితమా? పార్టీ ఆఫీసుకు పంపిన. అక్కడ ఎవరి దగ్గరుందో కనుక్కోవాలె. మీరేం ఫికర్ చెయ్యకండి" అన్నాడు. ఫికర్ చెయ్యకండని రెండోసారీ మూడోసారీ అన్నాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ లోపలి గదిలో ఎవరో దగ్గును ఆపుకుంటున్నారు. ఆ దగ్గు సంఘం మీటింగుల్లో నేను విన్న దగ్గులాగే ఉంది. ఇప్పటికీ రూఢిగా చెప్పలేను.

వారం తిరిగేసరికి సభ పెట్టారు. కొత్త జంపఖానాలు పరిచారు, ఒక్క చార లేదు. ప్రెసిడెంటు పాత పార్టీలో తనకు ఊపిరాడలేదని, కార్మికుల కోసమే వచ్చానని చెప్పాడు. వకీలు ఆయనకు దండ వేసి కౌగిలించుకున్నాడు. నిద్రపోను అన్న మనిషి కళ్లు చాలా హాయిగా ఉన్నాయి. అంతటితో ఆగితే బాగుండేది. ప్రెసిడెంటు మళ్లీ మైకు అందుకుని, "నా మీద అర్జీ పెట్టిన కాకా గూడ ఇయ్యాల మనతోనే ఉన్నడు. మీరు కూసున్న జంపఖానాలకు రంగు వేసింది ఎవలనుకున్నరు? ఆయ్ననే!" అన్నాడు. చప్పట్లు. ఇద్దరు కుర్రవాళ్లు బాపును రెక్కలు పట్టుకుని స్టేజీ మీదికి ఎక్కించారు. మెడలో దండ పడింది. బాపు ఏదో అనబోయాడు, మైకు అప్పటికే ఇంకొకరి చేతిలోకి పోయింది. ఆయన అట్లాగే నిలబడ్డాడు. ఆ పూట ఆ దండ తీసి విసిరికొట్టనందుకు ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

విచారణ ఆఫీసరు రాలేదు. కాగితం దొరకలేదు. వాడలో మాత్రం విచారణ మొదలైంది.

"ఎన్నడు లేంది పెరట్ల ఎందుకు ఆరేసినవ్?" ఇదీ అందరి ప్రశ్న. దుమ్ము పడుతుందని బామ్మర్ది చెప్పాడంటే నవ్వారు. వారం ముందే తెలిసినవాడివి మాకెందుకు చెప్పలేదంటే ఏం చెబుతాడు? తెలియలేదంటే ఎవరు నమ్ముతారు? పని ఇవ్వడం మానలేదు ఎవరూ, ఆయనంత బాగా అద్దేవాళ్లు లేరు కాబట్టి. కానీ నూలు ఇచ్చేటప్పుడు మొఖం చూడటం మానేశారు. ఒకనాడు అవ్వ గడపలో నిలబడి సూటిగానే అడిగింది.

"నీకు ఎన్ని గజాలిచ్చిండ్రు కొడుకా?"

"నీ మీద ఒట్టు అవ్వా, నాకేం తెల్వది."

"నా మీద ఎందుకు వెట్టుకుంటవ్, నాకేమున్నది" అని ఆమె లోపలికి పోయి తలుపేసుకుంది. బాపు ఆ రోజు అన్నం ముట్టలేదు.

దసరా వచ్చింది. ఇంటి ఓనరు వచ్చాడు. ఖాళీ చేయమంటాడని మేం సామాను కూడా సర్దుకున్నాం. ఆయన నవ్వి, "ఉండుండ్రి, ఏం తొందర" అని వెళ్లిపోయాడు. ఎందుకన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. స్టేజీ మీద దండ పడ్డ మనిషిని కదిలిస్తే తలనొప్పి అనుకున్నాడేమో. కానీ ఆ ఒక్క మాటతో నా బుర్రలో అన్నీ ఒకదాని పక్కన ఒకటి చేరాయి. కాగితం కోసం అమ్మ పొమ్మన్న రోజు బాపు పోలేదు. నన్నూ పోనివ్వలేదు. పెరట్లో ఆరేయమంటే ఎదురు చెప్పలేదు. దండ వేస్తే వేయించుకున్నాడు. ఇప్పుడు ఓనరు కూడా మెత్తబడ్డాడు. నిప్పు లేనిదే పొగ రాదు కదా అనుకున్నాను. అమ్మతో అనలేదు. మనుషులనందరినీ అనుమానించే అమ్మ బాపును మాత్రం ఒక్కనాడూ అనుమానించలేదు. ఆ పని చేసింది నేను, కాగితం ఇచ్చెయ్యమన్న నేను.

ఒక మధ్యాహ్నం ఆయన గంగాళం దగ్గరున్నప్పుడు, తాళంచెవి తీసుకుని ఆయన ట్రంకు పెట్టె తెరిచాను. పట్టా కోసం వెతికాను. రేషన్ కార్డు, నా పదో తరగతి సర్టిఫికెట్టు, పాత రంగుల గుర్తుకు దాచుకున్న నూలు ముడులు, అర్జీ చిత్తు ప్రతి. అడుగున పరిచిన పేపరు కూడా ఎత్తి చూశాను. తల తిప్పితే బాపు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు. మోచేతుల దాకా రంగు.

"దొరికిందా బిడ్డా?" అన్నాడు.

ఎత్తిన పేపరు ఇంకా నా చేతిలోనే ఉంది.

"దొరికితె నాకు గూడ చూపియ్యి. ఊరంత ఉన్నదంటాండ్రు, నాకే కనవడ్తలేదు."

కోపంగా అనలేదు. అంటే బాగుండేది. నేను పెట్టె మూయబోతే, "ఉండనియ్యి" అని మళ్లీ పొయ్యి దగ్గరికి పోయాడు.

ప్రెసిడెంటు తర్వాత ఇంకో రెండు పార్టీలు మారాడు. మాకు జాగ రాలేదు. అవ్వ ఆ కిరాయి అర్రలోనే పోయింది. బాపు ఆ రోజు నుంచి ట్రంకు పెట్టెకు తాళం వేయడం మానేశాడు. ఎన్ని కిరాయి ఇళ్లు మారినా, మూత పైకెత్తి గోడకు ఆనించి పెట్టేవాడు. ఆయన పోయేదాకా అది అట్లాగే ఉంది. ఒక్క మాట చెప్పి దాన్ని మూయించడం నాకు చేతకాలేదు.