కుండ మోసిన మనిషి

గిరిసోల నుంచి మొదటి రైల్లో బరంపురానికి చేపలు తెచ్చే ఆమెను అత్తా అనేవాళ్లం. పేరెప్పుడూ అడగలేదు. మా వాకిట్లో గంప దించి, కళ్లు మూసుకుని, అమ్మ చదివే సువార్త వినేది.

ఒకరోజు అమ్మ కడరాత్రి భోజనం ఘట్టం చదివింది. నీళ్లకుండ మోసుకెళ్లే మనిషి కనిపిస్తాడు, అతను వెళ్లే ఇంట్లోనే భోజనం సిద్ధం చేయమని శిష్యులకు చెబుతాడు ప్రభువు. అతనికీ పేరు లేదు.

"మగోడు కుండెత్తుకున్నాడంటే ఆడి ఇంట్లో ఎవలో పోయుంటారమ్మా," అంది అత్త. అత్త వాళ్లలో మగవాడు కుండ భుజానికెత్తేది శ్మశానంలోనే. "మైలింట ఎవలూ ముద్ద ముట్టరు. ఆయన ఆడికే తిండానికెల్లాడు, సూడు."

అమ్మ నవ్వింది.

అమ్మను సమాధి చేసిన మర్నాడు మంచులోంచి అత్త వచ్చింది. ఎన్నడూ గడప దాటని మనిషి, లోపలికొచ్చి కూర్చుంది.

"ఆకలేస్తంది బాబూ. ఇంత అన్నం ఎట్టు."

లేచి పొయ్యి వెలిగించాను.