జన్నిస్‌కి కుంబారో లేని చోటు

శనివారం పొద్దున గ్రీసులో మా దీవి ఫినికాస్ రేవులో మా బావ ఫ్రాంగిస్కోస్ తన లంగరు ఎత్తాడు. దానితోపాటు పక్క పడవ జన్నిస్ లంగరు గొలుసు కూడా పైకి వచ్చింది. జన్నిస్ పడవ, అందులో కూర్చుని కాఫీ తాగుతున్న జన్నిస్‌తో సహా, మెల్లగా తిరిగి మా పడవను ఒరుసుకుంటూ వచ్చింది. బావ కొక్కేనితో ఆ గొలుసు విడిపించి, నీళ్ళలోకి వదిలి, టోపీ సర్దుకున్నాడు. జన్నిస్ కప్పు పైకెత్తి శుభోదయం చెప్పాడు. కప్పులో కాఫీ లేదు. చొక్కా మీద ఉంది.

బావ మా అక్క అనేజా మొగుడు. చాలాకాలం ఓడల మరమ్మతు యార్డులో వెల్డింగు చేశాడు. అది మానేశాక ఒక పాత తెరచాప పడవ కొని, వేసవిలో బయటివాళ్ళని వారంపాటు దీవులు తిప్పుతున్నాడు. వంటకి నేను వెళతాను. తిప్పడం ఎవరైనా తిప్పుతారు, బావ గొప్పంతా దారి గీయడంలో ఉంది. ఎండాకాలం మెల్టెమి గాలి ఉత్తరం నుంచి విరుచుకుపడుతుంది. దానికి ఎదురెళ్ళే కష్టమేదో మొదట్లోనే తెమిల్చేసి, మిగతా వారమంతా గాలి వీపు తడుతుంటే దిగివచ్చేలా గీస్తాడు. చివరి మజిలీ ఎప్పుడూ ఒకటే, రీనియా దీవి వెనక సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన ఓ చిన్న వంపు. ఇళ్ళు లేవు, కొట్లు లేవు, పటం మీద దానికి పేరు కూడా లేదు. అది ఎక్కడుందో తోటి పడవలవాళ్ళు ఎంత అడిగినా బావ చెప్పడు.

ఏటా జులైలో ఆస్ట్రియా నుంచి ఒక పళ్ళ డాక్టరు గారి కుటుంబం వస్తుంది. వాళ్ళు బావ సొంత మనుషుల కింద లెక్క. ఈ ఏడాది అల్లుళ్ళూ వియ్యాలవారూ కలిసి ఒక పడవకి పట్టనంతమంది అయ్యారు. రెండో పడవ కూడా కావాలని డాక్టరు గారు రాశాడు. రేవులో ఖాళీగా ఉన్నది జన్నిస్ పడవ ఒక్కటే.

జన్నిస్ బావతో కలిసి బడికెళ్ళినవాడు. వాడికి పిల్లలు లేరు గానీ, అడిగిన ప్రతివాళ్ళ బిడ్డకీ జ్ఞానస్నానం చేయించి కుంబారో అయిపోయాడు. మాకు కుంబారో అంటే తోడబుట్టినవాడికి ఒక మెట్టు ఎక్కువే. ఏ దీవిలో దిగినా ఎవరో ఒకరు "కుంబారే!" అని పరిగెత్తుకొచ్చి వాడి రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంటారు, వెనకే వైన్ కూజా వస్తుంది. పడవ వెనక దిష్టికని నీలం కన్నుపూస కట్టాడు. అది సరిగ్గా మా పడవ వైపే చూస్తుంటుంది. అది ఎవరి కోసమని బావ నన్ను చాలాసార్లు అడిగాడు.

"వాడితో వారం తిరిగితే డాక్టరు గారు మళ్ళీ నా మొహం చూస్తాడా?" అన్నాడు బావ. వంటింటి బల్ల మీద పటం పరిచి, జన్నిస్ కుంబారో ఉన్న ప్రతి దీవి మీదా ఒక ఆలివ్ గింజ పెట్టడం మొదలుపెట్టాడు. టీనోస్, ఆండ్రోస్, కీత్నోస్, పారోస్, సీఫ్నోస్. సెరిఫోస్ ఖాళీ అనుకుంటుండగా, అక్కడి రొట్టెల కొట్టువాడి కవలల సంగతి మా అక్క గుర్తు చేసింది. బావ ఇంకో రెండు ఆలివ్‌లు తిని గింజలు పెట్టాడు. గింజ పడని చోట్లు రెండే మిగిలాయి, ఒకప్పటి జైలు దీవి యారోస్, రీనియా.

"యారోస్‌లోనే దింపేయ్. ఖైదీలు లేక బోసిపోయింది పాపం," అంది అక్క.

చివరికి ఊళ్ళ జోలికే పోకుండా దారి గీశాడు. రోజూ మనుషుల్లేని ఒడ్డున లంగరు, ఆఖర్న రెండు రోజులు తన రహస్యపు వంపులో. మరి జన్నిస్ ఆ చోటు చూసేస్తాడు కదా అని అక్క అడిగింది. బావ గింజలన్నీ ఒక పక్కకి ఊడ్చాడు.

"చూస్తే చూడనీ. అక్కడ వాడికి ముద్దుపెట్టే మనిషి లేడు."

అలా ఆ శనివారం పొద్దున రెండు పడవలతో బయల్దేరాం. గాలికి ఎదురు, గాలికి అడ్డం, మళ్ళీ ఎదురు. డాక్టరు గారి పెద్దల్లుడు దక్షిణ గ్రీసు సముద్రాన్నంతా పడవ అంచు మీద నుంచి వంగే చూశాడు. పూటపూటా డబ్బా చిక్కుళ్ళే వడ్డించాను. ఊరేదైనా వస్తుందా అని డాక్టరమ్మ మర్యాదగా రెండుసార్లు అడిగింది. జన్నిస్ మాత్రం ఎటు తిప్పితే అటు మా వెనకే వచ్చాడు. వాడి పడవలోంచి నవ్వులు వినిపించినప్పుడల్లా, ఎందుకు నవ్వుతున్నారో కనుక్కోమని బావ నన్ను పురమాయించేవాడు. అంత గాలిలో నేనేం కనుక్కుంటాను?

రీనియా వంపులోకి మధ్యాహ్నం చేరాం. పచ్చగా, అద్దంలా నీళ్ళు. డాక్టరు గారు బావ భుజం తట్టాడు. బావ మొహం వారంలో మొదటిసారి విచ్చుకుంది. అంతలో గుట్ట మీద మేకల గంటలు మోగాయి. వాటి వెనక ఒక కుర్ర కాపరి, చంకలో చంటిపిల్లతో దిగివస్తున్నాడు. వేసవి మేతకి మీకొనోస్ నుంచి మందని దాటించుకొచ్చాడట. జన్నిస్ పడవని చూసి ఆగిపోయాడు. తర్వాత చెయ్యి ఊపుతూ పరుగెత్తాడు.

"కుంబారే!"

మొన్న ఫిబ్రవరిలో ఆ పిల్లకి జ్ఞానస్నానం చేయించింది జన్నిసే. బావ గింజ పెట్టడం మరిచిపోలేదు, ఆ సంగతి మాకెవరికీ తెలియదంతే.

ఆ సాయంత్రం ఒడ్డున మేకపిల్లని కాల్చారు. తాజా చీజ్, వైన్ వచ్చాయి. పెద్దల్లుడు మూడోసారి వడ్డించుకున్నాడు. డాక్టరు గారు బూట్లు విప్పి ఆడాడు. బావ ఒక్కడూ పడవ ముందు భాగంలో లంగరు గొలుసు పక్కన కూర్చుని, ఎవరు ఎవరి పక్కన నవ్వుతున్నారో చూస్తున్నాడు. నేను పళ్ళెం తీసుకెళితే, ఉప్పు ఎక్కువైందన్నాడు. పళ్ళెం మాత్రం ఖాళీ చేశాడు.

భోజనాలయ్యాక డాక్టరు గారు అందరి ముందూ జన్నిస్‌ని అడిగాడు, వచ్చే ఏడు మీ కుంబారోలున్న దీవులన్నీ చూపిస్తారా అని. బావ గొలుసు వైపు తిరిగిపోయాడు.

"నాకు దారులు గీయడం రాదండీ," అన్నాడు జన్నిస్. "వాడు ఎటు పోతే అటు పోతాను. ఈ చోటు కూడా వాడిదే. మా కుంబారో ఎక్కడ మేకలు మేపుతాడో నాకే తెలీదు."

బావ గొలుసు సర్దుతూనే ఉన్నాడు. కానీ ఆ రాత్రికి మళ్ళీ ఉప్పు మాట ఎత్తలేదు.

తెల్లారి రెండు పడవలూ ఇంటిదారి పట్టాలి. బావ లంగరు ఎత్తాడు. గలగలమంటూ జన్నిస్ గొలుసు కూడా పైకి వచ్చింది. జన్నిస్ పడవ మెల్లగా మా వైపు తిరిగింది. వాడి చేతిలో మళ్ళీ కాఫీ, ఒంటి మీద ఉన్న ఆఖరి తెల్ల చొక్కా.

"ఒరేయ్ ఫ్రాంగిస్కో, ఇంత సముద్రం ఉండగా ప్రతిసారీ నా గొలుసు మీదే ఎందుకురా వేస్తావు నీ లంగరు?"

బావ కొక్కెం అందుకుంటూ అన్నాడు:

"కుంబారోలు నీకు దీవికొకడున్నార్రా, నీ లంగరు ఎత్తేవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే."