కొలతలత్త పిరానాల తొట్టి

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆవిడకి ఒకటుంది కానీ ఆ వీధిలో దాన్ని ఎవరూ వాడరు. అందరి నోటా ఆవిడ కొలతలత్త. స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టడం ఆవిడ పని. మెడలో టేపు లేకుండా ఆవిడని చూసినవాళ్ళు లేరు. ఎవరైనా ఎదురుపడి కుశలం అడుగుతుంటే ఆవిడ కళ్ళు వాళ్ళ మొహం మీద ఉండవు, భుజాల మీద ఉంటాయి. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగిన పెద్దమనుషులకి, "నా కొలతకి ఎవరూ దొరకలేదండీ," అని చెప్పి పంపేసేది. ఆ మాట ఒకసారి విన్నవాళ్ళు రెండోసారి అడిగేవాళ్ళు కాదు.

ఇల్లు అన్నాచెల్లెళ్ళిద్దరిదీ. మేడ మీద అన్నయ్య, వదిన ఉంటారు. కింద వీధి వైపున్న పెద్ద గది కొలతలత్తది. కుట్టుమిషను, గుడ్డ కత్తిరించే బల్ల, మంచం, పొయ్యి అన్నీ అందులోనే. ఆవిడ బతుకంతా ఆ నాలుగు గోడల మధ్యే గడిచింది. అందుకు ఆవిడ ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు.

ఆ గదిలోకి పిరానాలు రావడం ఒక చిత్రం. పక్క సందులో రంగుచేపలు అమ్మే షాపాయన ఆవిడ చేత కర్టెన్లు కుట్టించుకుని, కూలికి బదులు ఆరు చేపపిల్లల్ని నీళ్ళ సంచీలో వేసి ఇచ్చాడు. కోటు బొత్తాలంత ఉన్నాయి. "ఇవి బాగా పెరుగుతాయత్తా, పెద్ద తొట్టి చూసుకోండి," అని చెప్పాడు కూడా. ఇక్కడే కొలతలత్త తప్పులో కాలేసింది. పిల్లల బట్టలు కుట్టే మనిషి కదా, ఇవాళ్టి ఒంటికి సరిపడా కుట్టి, లోపల రెండు వేళ్ళ గుడ్డ మడిచి వదలడం ఆవిడకి చేతి అలవాటు. పిల్ల పొడుగైతే కుట్టు విప్పి వదులు చేస్తే సరి. చేపలకీ అంతేననుకుని రెండడుగుల తొట్టి తెచ్చి పెట్టింది. గాజుకి లోపలి మడత ఉండదన్న సంగతి ఆవిడకి అప్పుడు తట్టలేదు.

పిరానాలంటే నిమిషంలో మనిషిని ఎముకల గూడు చేసేస్తాయని విన్నవాళ్ళంతా చూడటానికి వచ్చారు. తీరా చూస్తే అవి ఉత్త పిరికివి. తలుపు చప్పుడైతే చాలు, ఆరూ ఒక మూలకి చేరి ఒకదాని వెనక ఒకటి దాక్కునేవి. వచ్చినవాళ్ళు మొహాలు వేలాడేసుకుని పోయేవాళ్ళు. కొలతలత్తకి మాత్రం వాటి మీద ప్రాణం. మెల్లగా మిషను చప్పుడుకి బెదరడం మానేసి, ఆవిడ తొక్కుతున్నంతసేపూ గాజు దగ్గరికొచ్చి నిలబడేవి. అరచెయ్యంత అయ్యేసరికి వాటికి తిరగడానికి చోటు లేకపోయింది. ఒక పొద్దున లేచి చూస్తే ఒకదానికి సగం తోక లేదు. ఆకలి వల్ల కాదు, ముందురోజు వేసిన మేత ఇంకా అడుగునే పడి ఉంది. ఇరుకు చేసిన పని అది. ఆవేళ ఆవిడ మిషను ముందు ఊరికే కూర్చుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అన్నయ్య కారు కొన్నాడు. వీధిలో పెడితే ఎవరో పక్కన పొడుగ్గా గీత గీసి పోయారు. ఒళ్ళంతా కారం రాసుకున్నట్టు తిరిగి తిరిగి, చివరికి ఒక ఉపాయం కనిపెట్టాడు. కింద గది వీధి గోడ కొట్టించి షట్టరు పెడితే కారు లోపల ఉంటుంది.

"నువ్వు మేడ మీది చిన్న గదిలోకి మారిపో," అన్నాడు చెల్లెలితో. "ఒంటి మనిషివి, నీకెంత చోటు కావాలి?"

చిన్న గదంటే పాత సామాను పడేసే గది. మంచం వేస్తే మిషను పట్టదు, మిషను పెడితే మంచం పట్టదు. అయినా కొలతలత్త సరేనంది. ఊళ్ళో అందరికీ ఎదురు చెప్పే మనిషి, అన్నయ్య మాటకి మాత్రం చిన్నప్పటి నుంచీ అడ్డు చెప్పి ఎరగదు. ఆవిడలో మెత్తన అంటూ ఉన్నది అదొక్కటే. ఆయన దాన్ని తనివితీరా వాడుకున్నాడు.

మారేలోగా చేపల సంగతి తేల్చాలి కదా. ఈసారి తప్పు జరగకూడదని ఆవిడ నేల మీద కూర్చుంది. యూనిఫారాలకి నమూనాలు కత్తిరించే కాగితం పరిచి, ఎదిగిన పిరానా ఆకారం, జానెడుకి కాస్త పైన, ఆరు ముక్కలు కత్తిరించింది. సుద్దతో తొట్టి గీసి అందులో ఆ కాగితం చేపల్ని పేర్చింది. మూడడుగుల గీతలో అవి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. నాలుగడుగుల్లో పట్టాయి కానీ, ఒకదాన్ని వెనక్కి తిప్పబోతే దాని తోక పక్కదాని మూతి మీదికి వెళ్ళింది. తోక ఎలా పోయిందో ఆవిడకి అప్పుడు అర్థమైంది. పొడుగు ఒక్కటే చాలదు, తిరగడానికి వెడల్పు కావాలి. ఎత్తు ఎంత పెంచినా వాటికి ఒరిగేదేం లేదు, అవి ఆ చివర నుంచి ఈ చివరకి ఈదే చేపలు. చెరిపి గీసి, చెరిపి గీసి, మోకాళ్ళు పట్టేశాక ఆరడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు దగ్గర ఆగింది. ఎత్తు కూడా రెండడుగులు చాలనుకుంది.

ఆ కొలతలు పట్టుకుని షాపాయన దగ్గరికెళ్ళింది.

"ఆరింటికి ఇదే సరైన సైజు. ఇంతకన్నా తగ్గిస్తానంటే నేనే వద్దనేవాణ్ణి," అన్నాడాయన. "ఎక్కడ పెడతారు?"

"మేడ మీద, చిన్న గదిలో."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నీళ్ళే ఏడు వందల కిలోల దాకా ఉంటాయత్తా. గాజు, స్టాండు, ఇసక బరువు అదనం. మీ పాత మేడ మొయ్యదు, కింద నేల మీదే పెట్టాలి. కుదరదంటారా, ఒక్కదాన్ని ఉంచుకుని మిగతావి నాకిచ్చెయ్యండి. ఒక్కదానికి చిన్న తొట్టి చాలు."

"ఒక్కటే ఉంటే ఏం చేస్తుంది?"

"ఏం చేస్తుంది, మూల నక్కి ఉంటుంది. బతుకుతుందిలెండి."

కొలతలత్త ఇంటికొచ్చే దారంతా ఆ మాట నములుతూనే వచ్చింది. బతుకుతుందిలెండి అట. వీధి మలుపు దగ్గరకొచ్చేసరికి ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. చెప్పులు విప్పకుండానే మేడ ఎక్కింది.

"అన్నయ్యా, నేను గది మారను. తొట్టి కిందే పెట్టాలి."

అన్నయ్య పేపరు దించాడు. "తొట్టిదేముంది, చిన్నది కొనుక్కో. అవే సర్దుకుంటాయి."

"సర్దుకున్నాయిగా. ఒకదానికి తోక పోయింది."

"చేపల కోసం కారు వీధిలో పెట్టమంటావా?"

"కారుకెంత చోటు కావాలి?"

"పధ్నాలుగు అడుగులు," అన్నాడు ఆయన తడుముకోకుండా.

"దాన్ని మాత్రం ఎవరూ సర్దుకోమనరు."

వంటగది గుమ్మంలో వదిన చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. అన్నయ్య కళ్ళజోడు తీశాడు. "సరేనని మాటిచ్చావు నువ్వు."

"ఇచ్చాను. కొలవకుండా ఇచ్చాను."

అని దిగొచ్చేసింది. లోపల ఎక్కడో మహా సంతోషంగా ఉంది, ఆ సంతోషానికి ఆవిడ సిగ్గుపడలేదు.

అన్నయ్య ఆ మాటలు చెవిన పెట్టలేదు. గోడ కొట్టడానికి మేస్త్రీని మాట్లాడేశాడు. కొలతలత్త కూడా ఇంక వాదన పెట్టుకోలేదు, షాపాయనకి తొట్టి చెయ్యమని కబురు చేసింది.

మేస్త్రీ రావలసిన రోజు పొద్దున్నే తొట్టి వచ్చింది. అయిదుగురు మనుషులు ఆయాసపడుతూ మోసుకొచ్చారు. ఏ గోడ కొట్టాలనుకున్నారో సరిగ్గా ఆ గోడకే ఆనించి, ఇనప స్టాండు మీద పెట్టించింది. మంచం మూలకి జరిగింది, బల్లకి మంచానికి మధ్య పక్కకి తిరిగి నడవాల్సి వచ్చింది. కుళాయికి గొట్టం తగిలించి నీళ్ళు వదిలింది. చేపల్ని ఇంకా పాత తొట్టిలోనే ఉంచింది, నీళ్ళు కుదురుకున్నాకే మార్చాలని షాపాయన చెప్పాడు. అన్నయ్య మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చేసరికి తొట్టి సగం నిండింది.

"కుళాయి కట్టెయ్," అన్నాడు అన్నయ్య.

ఆవిడ కట్టలేదు.

"నిండిందంటే దాన్ని కదపడం ఎవరి తరమూ కాదు."

"తెలుసు. అందుకే నింపుతున్నాను."

మేస్త్రీ తొట్టినీ గోడనీ చూసి, ఆవిడ మొహం కూడా చూశాడు. "ఇది ఇక్కడుండగా నేను సుత్తి ఎత్తను సార్," అని సంచీ భుజానేసుకుని పోయాడు. అన్నయ్య మొహం కందగడ్డలా అయింది. ఇల్లు నీ ఒక్కదానిదే కాదన్నాడు. నీ ఒక్కడిదీ కాదంది ఆవిడ, గొట్టం పక్కకి జరుపుతూ. ఆయన మేడ మెట్లు అదిరేలా ఎక్కిపోయాడు.

సాయంత్రం వదిన దిగొచ్చింది. రాయబారానికి వచ్చిందని నడకలోనే తెలుస్తోంది. అంచుదాకా నిండిన నీళ్ళకేసి చూసి, గొంతు తగ్గించింది.

"మీ అన్నయ్య పొద్దుట్నుంచీ మెతుకు ముట్టలేదు. పోనీ, ఆ కారుకి గీతలు పడకుండా ఒక కవరైనా కుట్టిపెడతావా?"

"కుడతాను వదినా. మందపాటి గుడ్డ తెచ్చి మరీ కుడతాను." కొలతలత్త మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకుంది. "కొలతలకని కారుని లోపలికి తేవద్దు. నేనే వీధిలోకి వస్తాను."