గేటు పక్క నాలుగు మడిగెలు

యుగేందర్ కాక ముప్పై రెండేళ్ళు రైల్వే గేట్‌మన్‌గా పనిచేశాడు. డోర్నకల్ వెళ్ళే దారిలో మా ఊరి గేటే ఆయన చివరి డ్యూటీ. అది పడిందంటే ఒక్కోసారి మూడు రైళ్ళు పోయేదాకా లేవదు. పాత చర్చి చూడబోయే కార్లవాళ్ళు, మిర్చి ట్రాక్టర్లవాళ్ళు, పెళ్ళి బస్సులవాళ్ళు అందరూ దిగుతారు. దిగినవాళ్ళు ఊరికే నిలబడరు. చాయ్ తాగుతారు, పిల్లలకు బిస్కెట్లు కొంటారు, చెప్పు అరిగిన సంగతి కూడా అప్పుడే గుర్తొస్తుంది.

ఇదంతా ఆయన గేటు గది కిటికీలోంచి ఏళ్ళ తరబడి చూశాడు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుకు బ్యాంకు లోను కలిపి, గేటు పక్కనే నాలుగు మడిగెలు కట్టి షట్టర్లు పెట్టించాడు. చాయ్ హోటలు, కిరాణం, చెప్పుల దుకాణం వచ్చాయి. నాలుగోదాంట్లో నా కుట్టుమిషన్ ఉంది. మా కిరాయిలతోనే బ్యాంకు కిస్తీ వెళ్ళేది.

పోయిన ఎండాకాలం సర్వేవాళ్ళు వచ్చి రోడ్డు పక్కన రాళ్ళు పాతి ఎర్రరంగు వేశారు. పాత రైల్వే మనిషినని కాక వాళ్ళతో మాట కలిపాడు. గేటు తీసేసి పైనుంచి వంతెన వేస్తారట. ఆ మాట నేనూ మిషన్ దగ్గర్నుంచి విన్నాను. వంతెన వస్తే మా ముందు ఎవరూ ఆగరు. ఆ రోజు నుంచి కాక కుదురుగా కూర్చోలేదు. చాయ్ సగం తాగి లేచేవాడు. పట్టాల వెంట నడిచి వచ్చి ఆ రాళ్ళ దగ్గర నిలబడేవాడు.

నెల తిరక్కుండా మడిగెలు అమ్మకానికి పెట్టాడు. చిట్యాల నుంచి రాజమల్లు వచ్చాడు. గనుల కింద భూమి పోగా వచ్చిన డబ్బు ఆయన దగ్గరుంది.

"ఇగ నాగలి పట్టేది లేదన్నా, కూసోని కిరాయి తింట" అన్నాడు.

అప్పుడు గేటు పడి జనం కిక్కిరిసి ఉన్నారు. అక్కడికక్కడే బయానా ఇచ్చి, పదిహేను రోజుల్లో రిజిస్ట్రేషన్ అన్నాడు.

"బేరం కుదిరినంక గూడ ఏందయ్యా కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుడు?" అని మంజుల చిన్నమ్మ భర్తను కసిరింది.

పన్నెండో రోజు కాక రాజమల్లును పిలిపించి బయానా తిరిగి చేతిలో పెట్టాడు. "మడిగెలు అమ్మను తమ్మీ. మాఫ్ చెయ్."

"ఎక్కువిచ్చేటోడు దొర్కిండా? మాట తప్పితె డబుల్ కట్టాలె, ఎరుకేనా?"

"ఎవ్వలు రాలె. గీడ వంతెన పడ్తాంది. గేటు ఉండది."

రాజమల్లు పెద్దగా నవ్వాడు. "గట్ల చెప్పు మరి! వంతెనొస్తె రేట్లు ఆకాశానికి పోతయ్. మా దిక్కు రోడ్డుకు ముగ్గు పోసిన్నాడే గుంట రేటు డబులైంది. నా చెవుల పువ్వు పెట్టకన్నా!"

కాక నిజం చెబితే రాజమల్లు బేరాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. కాక స్టూలు తెచ్చి నా మడిగె ముందు వేశాడు. "జర కూసో. గేటు లేసేదాక కూసో."

గూడ్సు పోయింది, గేటు లేచింది. చాయ్ చెప్పినవాళ్ళు గ్లాసులు వదిలి బండ్ల మీదికి ఉరికారు. రెండు నిమిషాల్లో రోడ్డు ఖాళీ. తర్వాత రెండు ఆటోలు, ఒక బైకు వచ్చాయి. ఏదీ బ్రేకు వెయ్యలేదు.

"వంతెనొచ్చినంక పొద్దందాక గిట్లనే" అన్నాడు కాక.

రాజమల్లు నావైపు తిరిగాడు. "బిడ్డా, నువ్వు చెప్పు. నిజమేనా?"

"నిజమే బాపు. వాళ్ళు చెప్తాంటె నేను గూడ విన్న."

ఆయన డబ్బు జేబులో పెట్టుకుని లేచాడు. "గింత చెప్పెటోనివి ముందుగాల్నే ఎందుకు చెప్పలే?"

"చెప్పబుద్ధి కాలె తమ్మీ" అన్నాడు కాక, తల ఎత్తకుండా.

ఆయన వెళ్ళగానే చిన్నమ్మ అందుకుంది. "ధర్మరాజువే! కిస్తీ గూడ ధర్మమే కడ్తదా?"

కాక అప్పటికప్పుడే మహబూబాబాద్ బయల్దేరాడు. మిర్చి వ్యాపారులకు బస్తాలు పెట్టుకునే జాగ కావాలేమో అడుగుతాడట. బండి స్టార్ట్ చేసి, మళ్ళీ ఆపి, నా షట్టర్ వైపు చూశాడు.

"నాలుగు మడిగెలు కలిపి అడిగితె నీ మిషన్ ఎట్ల బిడ్డా?"

నేను మిషన్ దగ్గర్నుంచి లేచేలోపే బండి కదిలింది.