గుప్పెడు శాంపిల్

గుంటూరు మిర్చి యార్డులో ఏసోబు చేతికి ఒక పేరుంది. బస్తా మూతి విప్పి, మోచేతి దాకా దూర్చి, గుప్పెడు కాయ తీసి చూపిస్తాడు. రంగెంత, ఆరుదలెంత, తాలెంత అన్నది ఆ గుప్పెట్లోనే తేలిపోవాలి. దాన్నిబట్టే లాటు మొత్తానికి ధర కడతారు. రెండో గుప్పెడు అడిగే వ్యాపారులంటే అతనికి చిన్నచూపు. "చూడ్డం రానోళ్లే మళ్లీ చూస్తారు" అనేవాడు. కూతురు మహిమ పసిపిల్లగా ఉన్నప్పుడు, ఆ మంట చేతులతో ముట్టుకోవద్దని భార్య కసిరేది. ఆమె పోయాక ఆ చేతులతోనే పెంచాడు.

మహిమ పురిటికి నల్లపాడులో పుట్టింటికి వచ్చింది. ఉమ్మనీరు ముందురోజే పోయింది, కాన్పు మాత్రం మర్నాటికి గానీ కాలేదు. మగపిల్లాడు. నీరు అంత ముందుగా పోయింది గనక బిడ్డకు లోపల ఇన్ఫెక్షన్ తగిలి ఉండొచ్చని డాక్టరమ్మ రక్తం తీయించింది. నరం దొరక్క నర్సు షారోన్ రెండుచోట్ల గుచ్చింది. బిడ్డ ఏడుపుకి ఏసోబు వరండాలోకి వెళ్లిపోయాడు.

"ఇన్ఫెక్షన్ ఉంటే రక్తంలో పెరిగే సీఆర్పీ నార్మలే బాబాయ్," అని చెప్పింది షారోన్. "రేపు మళ్లీ తీస్తాం. అందాకా ఇక్కడే ఉండాలి."

"నార్మలన్నావు గదమ్మా. మళ్లీ దేనికి?"

"లోపల ఇన్ఫెక్షన్ మొదలవగానే ఇది పెరగదు. టైం పడుతుంది. ఇవాళ కనపడంది రేపు కనపడొచ్చు."

"నేనూ రోజూ శాంపిల్ తీసేవాణ్ణే. బాగుందంటే బాగున్నట్టే."

"మీది ఎండిన కాయ బాబాయ్. బస్తాలో పోశాక అట్టాగే పడుంటుంది. వీడు గంట గంటకీ మారతాడు."

"నాన్నా, ఒక్కరోజేగా. ఉందాం," అంది మహిమ.

"మళ్లీ గుచ్చుతారే. వాడెట్టా గిలగిల్లాడాడో చూళ్లేదా? గుప్పెడంత లేడు, ఎన్నిసార్లు లాగుతారు నెత్తురు?"

లారీ మీద చెన్నై పోయిన అల్లుడు ప్రభు, ఫోన్లో మావయ్య ఎట్టాగంటే అట్టా అన్నాడు. డాక్టరమ్మ వద్దంది, కోప్పడింది కూడా. తన పూచీ మీదే తీసుకెళ్తున్నానని ఏసోబు సంతకం పెట్టి బిడ్డను ఇంటికి తెచ్చాడు.

ఆ సాయంత్రం పాలు బాగానే తాగాడు. తెల్లారాక నోరు తెరవలేదు. నిద్రమత్తులే అన్నాడు ఏసోబు. మధ్యాహ్నానికి మూలగడం మొదలైంది. ఏసోబు బిడ్డ పాదం పట్టుకుని చూశాడు. మిర్చి ఘాటుకి ఎప్పుడూ మండుతూ, తోలు మొద్దుబారిన చెయ్యి అది.

"వెచ్చగానే ఉన్నాడు," అన్నాడు.

మహిమ ఆ పాదాన్ని బుగ్గకు ఆనించుకుంది. "చల్లగా ఉన్నాడు నాన్నా."

ఆటోలో ఆస్పత్రికి పరుగెత్తారు. ఈసారి సీఆర్పీ బాగా పెరిగిపోయి ఉంది. మందులు మొదలుపెట్టి, బిడ్డను గాజుపెట్టెలో పడుకోబెట్టి గొట్టాలు తగిలించారు. ఏ క్రిమో తెలియాలంటే రక్తాన్ని ల్యాబులో పెంచి చూడాలన్నారు. అది తెలిసేలోపే బిడ్డ పోయాడు. క్రిమి ఏదో తేలిందని, దానికి సరిపడే మందు ఫలానాదని షారోన్ ఫోన్ చేసి చెప్పబోయేసరికి, పాస్టరుగారు ప్రార్థన చేసి, పూడ్చిపెట్టి వచ్చేశారు కూడా.

మహిమ అతన్ని ఒక్క మాట అనలేదు. అన్నం వడ్డించి పక్కకు తిరిగి కూర్చుంటుంది. తిడితే బాగుండును అనుకుంటాడు ఏసోబు. తిట్టదు. బిడ్డకు పట్టాల్సిన పాలు రవికె తడిపేస్తుంటే లేచి లోపలికి పోతుంది.

ఏసోబు మళ్లీ యార్డుకు పోతున్నాడు. పోకపోతే ఇంట్లో కూర్చోవాలి. మొన్న శ్రీమన్నారాయణ అనే వ్యాపారి లాటు చూడ్డానికొచ్చాడు. ఏసోబు గుప్పెడు తీసి చూపించాడు. కాయ బ్రహ్మాండంగా ఉంది. వ్యాపారి ధర చెప్పబోతుంటే, ఏసోబు వంగి పక్క బస్తా మూతి విప్పసాగాడు.

"చాల్లేవయ్యా ఏసోబూ. చూశాంగా."

"ఇంకోటి చూడండయ్యా."

"ఆ మాట నువ్వేనా అనేది? ఏమయ్యా, చూడ్డం మర్చిపోయావా?"

చుట్టూ ఉన్న హమాలీలు నవ్వారు. ఏసోబు అప్పటికే చెయ్యి లోపలికి దూర్చాడు. గుప్పెడు కాయ దొరికింది గానీ బయటికి తీయలేదు. వెనక బండివాడు పక్కకు జరగమని అరుస్తున్నా, మోచేతి దాకా బస్తాలోనే ఉంచుకుని నిలబడ్డాడు.