అరుగు మీది సాక్ష్యం

మా పక్కింటి పిన్నిగారు పోయారు. పోయిన బుధవారం కాలేజీకి బయల్దేరుతూ నేను చెప్పులు వేసుకుంటుంటే, వాళ్ల కోడలు గోడ అవతల నుంచి పిలిచింది. గిన్నె ఏదో బదులు అడగడానికి పిలిచినట్టే ఉంది గొంతు. "అత్తయ్యగారు లేవట్లేదండీ, ఒక్కసారి వస్తారా" అంది. వెళ్లి చూస్తే పిన్నిగారు చెయ్యి తలకింద పెట్టుకుని పక్కకి తిరిగి పడుకుని ఉన్నారు. ఆ చెయ్యి ముట్టుకున్నాను. చల్లగా ఉంది. ఇక ఆ రోజు కాలేజీకి వెళ్లలేదు.

మీకు ఆవిడ తెలియరు. పటమటలో మా వీధివాళ్లకి తప్ప ఎవరికీ తెలియరు. భర్త రైల్వేలో పనిచేస్తూ పోయారు. ఆదివారం చర్చి, మిగతా రోజులన్నీ అరుగు, అరుగు మీద వైరు కుర్చీ, ఒళ్లో నల్ల గొడుగు. చర్చిలో ప్రార్థన జరుగుతున్నా ఆ గొడుగు ఒళ్లోనే ఉండేది. కింద పెడితే మర్చిపోతాననేవారు.

మన దగ్గర పిల్లని చూసుకోవడానికి వచ్చే ముందు మగపెళ్లివారు ఎవరినో ఒకరిని వాకబుకి పంపుతారు కదా. ఆ వచ్చినాయన పిల్ల ఇంటికి వెళ్లడు, పక్కింటికి వెళతాడు. మా వీధి మొత్తానికీ ఆ పక్కిల్లు పిన్నిగారిదే. కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, అప్పుడు మొదలుపెట్టేవారు. నోరున్న పిల్ల కలుపుగోలు మనిషి అయిపోయేది. వంట రాని పిల్ల చదువు ధ్యాసలో ఉన్న పిల్ల అయ్యేది. ఎవరికైనా సరే వయసు మాత్రం రెండేళ్లు తగ్గేది. ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే మీరు ఇన్ని అబద్ధాలు ఎలా ఆడతారండీ అని ఒకసారి అడిగాను. "వయసు తగ్గించి చెప్పడం అబద్ధం కాదమ్మాయ్, మర్యాద" అన్నారు.

ఎమ్మెస్సీ అయ్యాక నేను మొక్కల తెగుళ్ల మీద పరిశోధన చెయ్యాలని కెనడాలో ఒక యూనివర్సిటీకి రాశాను. అప్పట్లో ఆ రాయడమే ఒక ఉద్యోగం. మార్కుల నకళ్ల కోసం ఒక ఊరు, ఇంగ్లీషు పరీక్ష కోసం మద్రాసు. గవర్నర్‌పేటలో టైపు చేయించిన కాగితంలో ఒక్క తప్పు దొర్లితే మళ్లీ మొత్తం పేజీ. ఉత్తరం పోయాక జవాబు వచ్చేదాకా పోస్ట్‌మాన్ మొహం చూస్తూ బతకడం. మొత్తానికి సీటు వచ్చింది. సెప్టెంబరులో చేరాలి, చేరకపోతే వేరేవాళ్లకి ఇస్తామని రాశారు. ఇక మిగిలింది పాస్‌పోర్టు. దానికి పోలీసు విచారణ కావాలి.

ఆ విచారణకి మనిషి వచ్చిన రోజు మేమందరం గుడివాడలో మా పెద్దనాన్నగారి అమ్మాయి నిశ్చితార్థంలో ఉన్నాం. వచ్చినాయన యూనిఫాంలో లేడు. తెల్లచొక్కా, చంకలో సంచి, సైకిలు. మా ఇంటికి తాళం చూసి పక్కింటి అరుగు దగ్గర ఆగి, ఈ ఇంట్లో అమ్మాయి గురించి కనుక్కోవాలండీ అన్నాడట. పిన్నిగారికి అంతకన్నా ఏం కావాలి! కుర్చీ, మజ్జిగ. అమ్మాయి నడవడి ఎలాంటిదని అడిగాడట, గడప దాటి బయటికి రాదన్నారట. వయసు అడిగితే మామూలుగానే రెండేళ్లు మర్యాద చేశారు. పై దేశం వెళుతుందటగా అని అడిగాడట. పాపం, అవతలివాళ్లు దానికే జంకుతున్నారనుకున్నారు పిన్నిగారు. "అవన్నీ గిట్టనివాళ్ల మాటలండీ. ఆ పిల్లకి వెళ్లే ఉద్దేశమే లేదు" అని చెప్పి పంపించారు.

మేము ఊరి నుంచి రాగానే నవ్వుకుంటూ ఎదురొచ్చారు. మంచి సంబంధంలా ఉంది, మనిషి నెమ్మదస్తుడు, చెప్పినవన్నీ శ్రద్ధగా రాసుకున్నాడు అన్నారు. మా అమ్మ కూడా సంబరపడింది. రాసుకున్నాడన్న మాట దగ్గరైనా మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

ఎంతకీ పాస్‌పోర్టు రాకపోయేసరికి నాన్న బందరు వెళ్లి జిల్లా పోలీసు ఆఫీసులో అడిగి వచ్చారు. వయసు కాగితాలతో కలవడం లేదట, అమ్మాయికి వెళ్లే ఉద్దేశమే లేదని ఇరుగుపొరుగు చెప్పారట, అందుకని కాగితాలు ఆపేశారట. అమ్మ ముందు నవ్వింది, తరవాత ఏడ్చింది. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఒళ్లు మండిపోయింది. ఆ సాయంత్రం పిన్నిగారు గొడుగుతో మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. కూర్చోమని నేను అనలేదు.

"నా నోటితో చెడగొట్టాను. నా నోటితోనే బాగుచేస్తాను. పొద్దున్నే బందరు పోదాం, తయారుగా ఉండు" అన్నారు.

చర్చికి తప్ప వీధి దాటని మనిషి, ఆ ఎండాకాలమంతా నాతో బందరు బస్సెక్కారు. కిటికీ పక్కన కూర్చోగానే నిద్రపోయేవారు, పామర్రులో బస్సు ఆగితే ఉలిక్కిపడి లేచి వచ్చేశామా అనేవారు. ఆఫీసు వరండాలో బల్ల మీద ఇద్దరం కూర్చునేవాళ్లం. లోపలికి పిలిచిన ప్రతిసారీ కొత్త మనిషి ఉండేవాడు. పిన్నిగారు నిలబడి మళ్లీ మొదటినుంచి చెప్పేవారు, పెళ్లివారనుకున్నానని, వయసు తగ్గించానని, తప్పు నాదేనని. వాళ్లు నవ్వేవారు. పక్క బల్లవాళ్లని పిలిచి, అమ్మా ఇంకోసారి చెప్పండి అనేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. ఆవిడ మాత్రం నవ్వులన్నీ అయ్యేదాకా ఆగి, "ఆ పిల్లకి వెళ్లాలని ఉంది బాబూ, అది రాసుకోండి" అనేవారు.

సంతకం పెట్టాల్సినాయన సీట్లో లేరంటే నేను లేచి వెళ్లిపోబోయేదాన్ని. "కండువా కుర్చీకే ఉందిగా అమ్మాయ్, మనిషి ఎక్కడికి పోతాడు" అని చెయ్యి పట్టి కూర్చోబెట్టేవారు. జేబురుమాలు తడిపి నా మెడ మీద వేసేవారు. ఆవిడ మీద కోపంతోనే వెళ్లేదాన్ని, వచ్చేటప్పుడు ఆవిడ భుజం మీదే నిద్రపోయేదాన్ని. కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

పాస్‌పోర్టు దసరా సెలవుల్లో వచ్చింది. అప్పటికి సీటు పోయింది. తరవాతి ఏడు మళ్లీ రాశాను, ఈసారి చోటు లేదన్నారు. మూడోసారి దరఖాస్తు తెప్పించుకున్నాను కానీ నింపలేదు. ఎవరూ వద్దనలేదు. ఓపిక అయిపోయింది, అంతే. ఇక్కడే కాలేజీలో ఉద్యోగం వస్తే చేరిపోయాను.

ఆ తరవాత పిన్నిగారు ఏ వాకబులోనూ అబద్ధం చెప్పలేదు. ఎవరొచ్చినా కుర్చీ వెయ్యకముందే అడిగేవారు, "ముందు ఇది చెప్పండి బాబూ, పెళ్లికా, పాస్‌పోర్టుకా?" అని. పెళ్లికే అయినా అసలు వయసే చెప్పేవారు. దాంతో ఒకటి రెండు సంబంధాలు చెడిపోయి వీధిలో ఆడవాళ్లు ఆవిడ మీద విరుచుకుపడ్డారు. ఆవిడ గొడుగు సర్దుకుని ఊరుకున్నారు.

మొన్న వేసవిలో ఒక సాయంత్రం, నేను పరీక్ష పేపర్లు దిద్దుతుంటే, ఉన్నట్టుండి అడిగారు. "నీకింకా నా మీద కోపముందా అమ్మాయ్?"

"కోపం లేదండీ. అలిసిపోయాను."

"నేనూ అంతేనమ్మా" అన్నారు. ఆ విషయం మేం మళ్లీ ఎత్తలేదు.

చర్చివాళ్లు వచ్చి, పాటలు పాడుతూ పిన్నిగారిని తీసుకెళ్లారు. అందరూ వెళ్లిపోయాక చూస్తే అరుగు మీద కుర్చీలో గొడుగు అలాగే ఉంది. దాన్ని తీసి లోపల పెట్టడానికి వాళ్ల కోడలికి గాని, నాకు గాని చేతులు రాలేదు.

నిన్న మధ్యాహ్నం ఒకాయన సైకిలు దిగి ఆ అరుగు ముందు నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు. నేను వెళ్లాను. ఎదురింటి అమ్మాయి గురించి అడగాలండీ అన్నాడు. ఆ అమ్మాయి నర్సింగు చదివింది, పై చదువుకి ఇంగ్లండు వెళ్లాలని ఏడాదిగా తిరుగుతోంది.

"పెళ్లికాండీ, పాస్‌పోర్టుకాండీ?" అని అడిగాను.

ఆయన కొంచెం తెల్లబోయి, పాస్‌పోర్టుకేనండీ అన్నాడు. కుర్చీలో గొడుగు తీసి ఆయన్ని కూర్చోబెట్టాను. మజ్జిగ ఇచ్చి గట్టు మీద కూర్చున్నాను. వయసు అడిగాడు, ఉన్నదే చెప్పాను. తరవాత, ఆ అమ్మాయికి నిజంగా వెళ్లే ఉద్దేశం ఉందాండీ అన్నాడు.

"ఉందండీ. చాలా ఉంది. రాసుకోండి" అన్నాను.

ఆయన తలొంచుకుని రాసుకుంటున్నాడు. అప్పుడు చూసుకున్నాను, గొడుగు నా ఒళ్లో ఉంది.