గుమ్మం దగ్గర కొట్టని కొబ్బరికాయ

పోయిన సోమవారం ఉదయం ఇడ్లీలు పట్టుకుని మేడమీదికి వెళ్లాను. మా పైవాటాలో ఉండే కోచ్ గారు తలుపు తీయలేదు. నిద్రలో గుండె ఆగిందని డాక్టరు చెప్పారు. కిందికి వచ్చి పప్పు నానబోశాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఫైట్ మాస్టరుగారూ, సంతాపసభలో చదవడానికి నాలుగు మాటలు రాసిమ్మని మీరు అడిగితే, నాకు రాయడం రాదని తప్పించుకున్నాను. మొన్న ఇస్త్రీకని తీసిన ఆయన చొక్కా జేబులో నా చీటీ దొరికింది. అందుకే రాస్తున్నాను.

ఆయన తన దేశం అమెరికాలో పదకొండేళ్లు డబ్బుకి ఫుట్‌బాల్ ఆడారు. మన బంతాట కాదు. బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తితే, హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు ఎదురొచ్చి గుద్దుతారట. మోకాలు పోయాక ఆట మానేసి, ఒక సినిమాలో ఫైటుకని ఫిల్మ్ నగర్ వచ్చి, మీ ఫైటర్లకి దెబ్బ తగలకుండా పడడం నేర్పుతూ ఇక్కడే ఉండిపోయారు. మా డాబా మీద పరుపులు పరిచి, యూసుఫ్‌గూడ వాళ్ల దగ్గర నేర్చుకున్న తెలుగులో చెప్పేవారు.

"గిట్ల కాదు తమ్మీ. తల దాచుకో, భుజం ఇయ్యి."

ఒకసారి ఒకతను "కోచ్, మా అమ్మమ్మకంటే మంచిగ మాట్లాడ్తున్నవ్ తెలుగు" అన్నాడు.

"మీ అమ్మమ్మ నీకంటే మంచిగ పడ్తది" అన్నారు ఈయన.

శుక్రవారాలు నేను గుమ్మం దగ్గర కొబ్బరికాయ కొట్టేదాన్ని. ఆ చప్పుడుకి మెట్లమీద ఆయన రెండు చేతులూ తలకి చేర్చేవారు. ఏడాదిపాటు అది దణ్ణమే అనుకుని సంతోషించాను. ఒకరోజు అలాగే కూలబడితే దగ్గరికి వెళ్లాను.

"తలనొప్పాండీ?"

"గా సప్పుడు, అక్కా. హెల్మెట్లు గట్లనే తాకుతయ్. ఇప్పుడు అన్నీ మర్చిపోతున్న. నిన్న ఇల్లు దొరకలే."

"మాస్టరుగారికి చెప్దామండీ. డాక్టరుకి చూపిస్తారు."

"చెప్తే మల్ల పనికి పిలుస్తరా? పని పోతే నేను ఏడికి పోవాలె? ఒద్దక్కా."

దీపం ముందు మాటిచ్చాను. ఆ వారం నుంచి కాయ గుడిలో కొట్టించి చెక్కలు ఇంటికి తెచ్చుకునేదాన్ని. పొద్దున్నే చీటీ రాసి ఆయన జేబులో పెట్టేదాన్ని. ఈరోజు ఏ స్టూడియో, ఎన్ని గంటలకి, తిరిగి ఇంటికి దారేది. నా పదో తరగతి ఇంగ్లీషు చూసి ఆయన ఎప్పుడూ నవ్వలేదు. మీవాళ్లందరినీ తమ్మీ అనే పిలిచేవారు, ప్రేమ అనుకున్నారు. ప్రేమే. పేర్లు కూడా గుర్తుండేవి కావు.

తల సంగతి డాక్టరు అడగలేదు. నేను చెప్పలేదు. అప్పుడే మీకు చెప్పి ఉంటే బతికేవారేమో. పనిలేక ఇంకా ముందే పోయేవారేమో. దేవుణ్ణి అడిగాను.

ఇది సభలో చదవకండి. మీ దగ్గరే దాచండి, ఎవరికీ చూపించకండి. మీకు చెప్పడమే నేను మాట తప్పడం.

నిన్న శుక్రవారం. ఇక గుమ్మం దగ్గరే కొట్టుకోవచ్చు. పీచు తీసి కాయ ఎత్తాను. మెట్లవైపు చూసి దించేశాను. ఇంకా కాయ కొట్టే రాతి పక్కనే ఉంది.